సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నాను, ఇంజెక్టర్లు విప్పించేముందు డీజిల్ లైన్‌లో ఏమేం చూడాలి?

అంబాజీపేట_కాయలు

భీమవరం అవతల రొయ్యల చెరువులున్న ఒకాయన దగ్గర 2014 మోడల్ బొలేరో పికప్ కొన్నాను. కొబ్బరికాయల లోడు తోలడానికి. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి, టైర్లు, కమాన్ కట్టలు బాగున్నాయి. ఇబ్బందంతా ఇంజిన్ దగ్గరే. పొద్దున్నే సెల్ఫ్ చాలాసేపు కొడితేగానీ అందుకోదు. అందుకున్నాక మళ్లీ రోజంతా పేచీ లేదు. లోడుతో చించినాడ వంతెన ఎక్కేటప్పుడు మాత్రం సగం దాటేసరికి లాగడం మానేస్తుంది. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా అంతే. అవతలికి దిగగానే మామూలైపోతుంది.

ఇక్కడి మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండానే నాలుగు ఇంజెక్టర్లూ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) పోయాయి, వాటికి డీజిల్ నెట్టే పంపు కూడా దింపాలి అన్నాడు. అతను చెప్పిన అంకె విన్నప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షనే. ఒక్క పరీక్ష కూడా చేయకుండా అంత డబ్బు ఎలా పెట్టమంటారు? డీజిల్ లైన్ ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా ఏ వరసలో చూడాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రావులపాలెం_కిరాయి

పాత డీఐ ఇంజినా, కామన్ రైలా (ఎక్కువ పీడనంతో డీజిల్ నిలిచే ఒకే గొట్టం నుంచి ఇంజెక్టర్లన్నిటికీ వెళ్లేది)? ముందు అది చెప్పండి. రెండింటికీ మందు ఒకటి కాదు.

అంబాజీపేట_కాయలు

కామన్ రైలేనండి. బండి మీద ఎమ్2డీఐసీఆర్ అని ఉంది.

తణుకు_స్టీరింగ్

వంతెన ఎక్కేటప్పుడు వెనక నల్లపొగ వస్తోందా? వస్తే అది చాలావరకు డీజిల్ అందకపోవడం కాదు, గాలి లోపం. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, టర్బో నుంచి వచ్చే రబ్బరు గొట్టం చీలినా అచ్చం ఇలాగే లాగదు. ఆ గొట్టం చీలిక పైకి కనిపించదు, క్లిప్పు కిందే ఉంటుంది. చేత్తో వంచి చూడండి.

అంబాజీపేట_కాయలు

పొగ అసలు లేదండి, అద్దంలో చూస్తూనే ఉన్నాను. ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేశాను. గొట్టం ఇప్పుడే వంచి చూశాను, చీలిక లేదు.

తణుకు_స్టీరింగ్

పొగ లేకుండా లాగుడు పోతోందంటే ఇంజిన్‌కి డీజిల్ అందట్లేదు. ఇక పంపుమేస్త్రి గారే చెప్పాలి.

గూడెం_పంపుమేస్త్రి

ఇంజెక్టర్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టి ముందుకు రండి.

మన వైపు నుంచి నా బెంచి మీదకి వచ్చే పంపుల్లో చాలావరకు నీళ్లకు పోయినవే. తేమ గాలి, సగం ఖాళీ ట్యాంకు ఉంటే చాలు, రాత్రి చల్లబడ్డప్పుడు ట్యాంకు లోపలి పైభాగానికి చెమట పడుతుంది. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి దిగి కూర్చుంటాయి. డీజిల్ పీల్చే గొట్టం ఉండేదీ అడుగునే. కామన్ రైల్ పంపుల్లో చాలావాటికి లోపల వేరే ఆయిల్ ఉండదు. వెళ్లే డీజిలే దానికి ఆయిల్. నీళ్లు వెళితే జారుడు పోయి ఇనుము ఇనుముని రాసుకుంటుంది. ఇంజెక్టర్ లోపలి సందులు మైక్రాన్లలో ఉంటాయి, సన్నటి తుప్పు రేణువు వెళ్లినా గీత పడుతుంది.

మొదటి పని, ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి వచ్చిందంతా గాజు సీసాలో పట్టండి. ప్లాస్టిక్ సీసా వద్దు, నీళ్లకీ డీజిల్‌కీ మధ్య గీత సరిగా కనపడదు. బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, సెల్ఫ్ కొట్టకముందే పట్టాలి. ట్యాంకు అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉంటే అక్కడిది వేరే సీసాలో పట్టండి. రెండింటినీ గట్టు మీద పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. ఏం కనిపించిందో ఇక్కడ రాయండి, మిగతాది అప్పుడు చెబుతాను.

ఈలోగా తాళం తిప్పి డాష్‌బోర్డు చూడండి. డీజిల్‌లో నీళ్ల గుర్తు ఉన్న బండ్లలో తాళం ఆన్ చేయగానే ఆ లైటు ఒకసారి వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే సెన్సర్ వైరు ఎవరో పీకేశారని అనుమానించాలి.

లంకల_నుంచి

2022 జులై వరదలో మా వైపు చాలా బండ్లు మునిగాయి. వాటిలో కొన్ని కడిగి, సీటు కవర్లు మార్చి ఎక్కడెక్కడికో అమ్మేశారు. మీ బండి మునిగిందా లేదా చూసుకోండి. ఛాసిస్ బద్దీల లోపలికి వేలు పెట్టి చూస్తే ఒండ్రు తగులుతుంది. ఎంత కడిగినా అక్కడిది పోదు. సీటు కింద బోల్టుల తుప్పు, హెడ్‌లైట్ లోపలి నీటి గీత కూడా చెబుతాయి. మునిగిన బండిలో ట్యాంకు గాలి గొట్టం గుండా నీళ్లు లోపలికి వెళ్తాయి.

రావులపాలెం_కిరాయి

వరద ఎందుకండీ, అమ్మింది రొయ్యల చెరువులాయన అని చెప్పారుగా. చెరువు గట్టు మీద డ్రమ్ములో ఉన్న డీజిల్ బకెట్‌తో ముంచి బండిలో పోసేస్తారు. నా కళ్లతో చూశాను. ఆక్వా బండి అంటేనే నేను కొనను.

ఉండి_చెరువుగట్టు

అందర్నీ ఒకే గాటన కట్టకండి. నాకూ చెరువులున్నాయి, నా బండికి బంకు డీజిల్ తప్ప పోయను. అసలు కారణం వేరు. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఇప్పుడు కరెంటు మీదే తిరుగుతున్నాయి. జనరేటర్ కరెంటు పోయినప్పుడే. రాత్రిపూట కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే ఆక్సిజన్ అందక చెరువు చెరువే పోతుంది కాబట్టి డ్రమ్ము నిండా డీజిల్ ఉంచుకోక తప్పదు. కరెంటు బాగుంటే ఆ డీజిల్ నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. పాతబడిందని కొందరు దాన్ని బండిలో పోసి, జనరేటర్‌కి కొత్తది తెచ్చుకుంటారు. తప్పంతా అక్కడుంది.

నిలవ పెట్టక తప్పదంటే డ్రమ్ముని కొంచెం వాలుగా పెట్టాలి, డీజిల్ తీసే కుళాయి అడుగుకి పైన ఉండాలి. మూత మీద వాన నీళ్లు నిలవకూడదు. జింకు పూత ఉన్న రేకు డబ్బాలు వాడకూడదు, ఆ జింకు డీజిల్‌తో కలిసి జిగురులా తయారై ఇంజెక్టర్లో పేరుకుంటుంది.

రావులపాలెం_కిరాయి

మీలా చూసుకునేవాళ్లు ఉంటే ఇంకేం కావాలండీ. మాట వెనక్కి తీసుకుంటున్నా. మీ బండి అమ్మేటప్పుడు ముందు నాకే చెప్పండి.

అంబాజీపేట_కాయలు

మేస్త్రి గారూ, రెండు సీసాలూ పట్టాను. ట్యాంకుకి డ్రెయిన్ ప్లగ్ ఉంది, చాలా కష్టం మీద వదులైంది. ఫిల్టర్ సీసాలో అడుగున వేలెడు మందాన నీళ్లు, కొంచెం తుప్పు రంగులో ఉన్నాయి. పైన డీజిల్. ఆ రెండింటి మధ్య నల్లటి తెరలాంటిది ఉంది. సీసా కదిపితే ముక్కలు ముక్కలుగా విడిపోతోంది, పుల్లతో తీస్తే జిగురుగా సాగుతోంది. ట్యాంకు సీసాలో నీళ్లు ఇంకా ఎక్కువ, నల్లది కూడా ఎక్కువే. ఏదో కుళ్లు వాసన.

ఇంకోటి, ట్యాంకు ఇనపది. కింద ఒక మూల పాత వెల్డింగ్ అతుకు ఉంది. నీళ్ల లైటు తాళం తిప్పినా వెలగట్లేదు.

తణుకు_స్టీరింగ్

నల్లది అంటే తారు కరిగి ఉంటుంది. కల్తీ డీజిల్ పని.

కాకినాడ_ప్రయోగశాల

తారు కాదండి. నేను మైక్రోబయాలజీ చదివాను. డీజిల్‌కీ నీళ్లకీ మధ్య గీత దగ్గరే ఉంది, జిగురుగా సాగుతోంది, కుళ్లు వాసన ఉంది అంటున్నారు కాబట్టి అది సూక్ష్మజీవుల పొర. కొన్ని బాక్టీరియాలు, శిలీంధ్రాలు నీళ్లలో ఉంటూ పైనున్న డీజిల్‌ని తిని బతుకుతాయి. హార్మోకోనిస్ రెసినే అనే శిలీంధ్రం ఇందులో బాగా పేరుపడ్డది, విమానాల ఇంధన ట్యాంకుల్లో కూడా ఇది పెద్ద సమస్యే. ఇవి వదిలే ఆమ్లాలు ఇనుముని తినేస్తాయి. ట్యాంకు అతుకు దాకా వెళ్లడానికి అదీ ఒక కారణమై ఉండొచ్చు. నీళ్లు లేకపోతే ఇవి పెరగలేవు. వేడి, తేమ ఉన్న మన ప్రాంతం వాటికి బాగా అనుకూలం.

తణుకు_స్టీరింగ్

డీజిల్‌లో బూజు పడుతుందని మొదటిసారి వింటున్నా. పచ్చడి జాడీలో తడి గరిటె పెట్టినట్టన్నమాట.

గూడెం_పంపుమేస్త్రి

కాకినాడ ఆవిడ చెప్పింది నిజం. మేం దాన్ని మడ్డి అంటాం, లోపల ప్రాణముందని ఇప్పుడే తెలిసింది.

మీ బండి కథ నాకు చాలావరకు అర్థమైంది. ట్యాంకు లోపల పీల్చే గొట్టం చివర జల్లెడ ఉంటుంది. మడ్డి దానికి అంటుకుని ఉంటుంది. ఖాళీ బండికి కావాల్సిన డీజిల్ తక్కువ కాబట్టి మూసుకుపోయిన జల్లెడ గుండా కూడా సరిపోతుంది. లోడుతో వంతెన ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎక్కువ అడుగుతుంది, జల్లెడ ఇవ్వలేదు. దిగేటప్పుడు అవసరం తగ్గుతుంది, మళ్లీ మామూలు. పొగ రాకపోవడమూ దీనికి సరిపోయింది. ఇంజెక్టర్లే పూర్తిగా పోయుంటే ఐడిల్‌లోనే (యాక్సిలరేటర్ తొక్కకుండా తిరిగేటప్పుడే) కొట్టుడు, పొగ, మిస్సింగ్ ఏదో ఒకటి కనిపించాలి.

పొద్దున్నే సెల్ఫ్ లాగడం మాత్రం వేరే సంగతి అనుకుంటున్నాను. అది ఎయిర్. ట్యాంకులో కరెంటు పంపు లేని బండ్లలో, ట్యాంకు నుంచి ఇంజిన్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్‌ని లాగడమే తప్ప నెట్టడం ఉండదు. ఆ పైపులో సన్నటి సందు ఉంటే ఇంజిన్ తిరుగుతున్నప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద చుక్క పడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. రాత్రి బండి ఆపాక ఆ సందులోంచి గాలి దూరి డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున మళ్లీ లాగి తెచ్చేదాకా సెల్ఫ్ కొట్టాలి. ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్లే గొట్టం తీసి, ఆ ముక్క వరకు డీజిల్‌కి తట్టుకునే పారదర్శకమైన గొట్టం వేయండి. బుడగలు పోతుంటే కళ్లకే కనిపిస్తాయి. రబ్బరు గొట్టాల చివర్లు, క్లిప్పులు, బాంజో బోల్టుల (లోపలి రంధ్రం గుండా డీజిల్ పారే బోల్టులు) కింద కాపర్ వాషర్లు చూడండి. విప్పిన కాపర్ వాషర్ మళ్లీ వేయకూడదు.

ఇక డబ్బా పరీక్ష. శుభ్రమైన డబ్బాలో బంకు డీజిల్ పోసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే పైపు, మిగిలింది వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు రెండూ తీసి ఆ డబ్బాలో పెట్టండి. రెండూ పెట్టాలి. రిటర్న్ పాత ట్యాంకులోకే వదిలేస్తే డబ్బా తొందరగా ఖాళీ అయిపోతుంది. డబ్బా ట్యాంకు ఉన్న ఎత్తులోనే ఉండాలి. పైన తొట్టిలో పెడితే డీజిల్ తనంతట తనే కిందికి దిగుతుంది, గాలి లాగే సందు ఉన్నా బయటపడదు, బండి బాగైపోయిందని అనిపిస్తుంది. చాలామంది అక్కడే తప్పుదారి పడతారు. డబ్బాతో బండి బాగా తిరిగితే రోగం ట్యాంకుది. డబ్బాతోనూ అదే గొడవైతే ముందుకి వెళ్లాలి.

రాజోలు_ట్రాక్టర్

ఎయిర్ కోసం ఇంత కథ ఎందుకు? ఇంజెక్టర్ పైపు నట్టు కొంచెం వదులు చేసి సెల్ఫ్ కొడితే ఎయిర్ బయటికొచ్చేస్తుంది. ట్రాక్టర్‌కి మేం రోజూ చేసే పనే.

గూడెం_పంపుమేస్త్రి

దయచేసి ఆ పని చేయకండి. ట్రాక్టర్ పాత పంపుకి చెల్లుతుంది. కామన్ రైల్‌లో రైలు పీడనం 1600 బార్ దాకా వెళ్తుంది. లారీ టైర్లో ఉండేది 8 బార్ చుట్టుపక్కల. ఆ పీడనంతో వచ్చే డీజిల్ ధార కంటికి కనపడనంత సన్నగా ఉండి చర్మం లోపలికి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చే ఉంటుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. లోపల కండ చచ్చిపోతుంది. అలాంటిది జరిగితే గంటల్లో ఆపరేషన్ చేయాలి, లేకపోతే వేలు తీసేసే పరిస్థితి వస్తుంది. ఇంజిన్ తిరుగుతుండగా రైలు వైపు ఒక్క నట్టు కూడా ముట్టుకోకూడదు. లీకు ఉందేమోనని వేలితో తడమకూడదు. అట్టముక్క పెట్టి చూడాలి. ఎయిర్ తీయాలంటే ఫిల్టర్ దగ్గర చేతి పంపు కొట్టి, ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ దగ్గరే తీయాలి.

రాజోలు_ట్రాక్టర్

ఇది నిజంగా తెలియదండి. మావాళ్లందరికీ చెబుతాను.

యానాం_దగ్గర

బంకు డీజిల్ అంటే ఏ బంకు అని కూడా చూడండి. మా వైపు అందరూ యానాం వెళ్లి కొట్టించుకుంటారు, పుదుచ్చేరి పన్ను తక్కువ కాబట్టి ధర తగ్గుతుంది. తప్పేం లేదు. క్యాన్లలో తెచ్చి ఇంట్లో దాచుకోవడమే తప్పు. ఏ బంకులో అయినా అనుమానం వస్తే 5 లీటర్ల కొలతతో చూపించమని, డెన్సిటీ చూపించమని అడగొచ్చు, అడిగితే చూపించాలి. బంకులో ట్యాంకర్ అప్పుడే దించుతుంటే ఆ కాసేపు ఆగండి, అడుగున ఉన్నదంతా పైకి లేస్తుంది.

లంకల_నుంచి

నేను ప్రతి ట్యాంకుకీ కొంచెం టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్లలో పెట్రోల్‌తో కలిపే నూనె) కలుపుతా. పంపు మెత్తగా తిరుగుతుంది. కొత్త డీజిల్‌లో జారుడు లేదంటారు కదా.

గూడెం_పంపుమేస్త్రి

ఆ మాట సగం నిజం. సల్ఫర్ తీసేసేటప్పుడు డీజిల్ జారుడు తగ్గే మాట వాస్తవం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 డీజిల్, సల్ఫర్ 10 పీపీఎమ్ లోపు. అంతకుముందు బీఎస్-4లో 50 ఉండేది. అందుకే ఆ జారుడు కోసం కంపెనీల దగ్గరే మందు కలిపి పంపుతారు. దానికి పరీక్ష కూడా ఉంది, డీజిల్‌లో ఉక్కు గుండుని రుద్దితే పడే అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. మనం పైనుంచి టూటీ పోయక్కర్లేదు. పాత ఇంజిన్‌కి పెద్ద నష్టం చేయదేమోగానీ కామన్ రైల్‌లో బూడిద, మసి పెంచుతుంది. నీళ్లు తీయని ట్యాంకులో ఏ నూనె పోసినా ఉపయోగం లేదు.

లంకల_నుంచి

పోసినన్నాళ్లూ బండి చప్పుడు తగ్గింది మరి. నేను మానను.

తణుకు_స్టీరింగ్

ట్యాంకు మూత సంగతి ఎవరూ చెప్పలేదు. మా ఓనర్ దగ్గర ఒక బండి బయల్దేరిన గంటకి ఆగిపోయేది, కాసేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అయ్యేది. ఫిల్టర్లు, పైపులు అన్నీ మార్చారు. చివరికి మూత తెరిస్తే బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూతకుండే గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయింది. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి పైకి రానిచ్చేది కాదు. మీది కూడా బండి తిరిగి వచ్చాక మూత తీసి చెవి పెట్టి వినండి.

అంబాజీపేట_కాయలు

మూత దగ్గర చప్పుడు లేదండి. డబ్బా పరీక్ష మేస్త్రి గారు చెప్పినట్టే, డబ్బా ట్యాంకు పక్కనే ఛాసిస్‌కి కట్టి చేశాను. లోడుతో వంతెన ఎక్కించాను. తేడా స్పష్టంగా తెలిసింది, మూడో గేర్‌లో పైదాకా లాగింది. పొద్దున సెల్ఫ్ మాత్రం అలాగే లాగుతోంది. పారదర్శక గొట్టంలో సన్న బుడగలు వరసగా పోతున్నాయి. ఫిల్టర్ మీద బాంజో బోల్టు దగ్గర వాషర్ ఒకటి అరిగి వంకరగా ఉంది. రెండు వైపులా కొత్తవి వేశాక బుడగలు ఆగిపోయాయి. నిన్నా ఇవాళా పొద్దున కొట్టగానే అందుకుంది.

పాత ఫిల్టర్ రేకు కత్తిరించి లోపలి కాగితం విప్పాను. నల్లటి మడ్డి, తుప్పు పొడి. ఎండలో చూస్తే అక్కడక్కడా సన్నగా మెరుస్తోంది. అదేనా భయపడాల్సింది?

ఉండి_చెరువుగట్టు

అయస్కాంతం పెట్టి చూడండి. తుప్పు కూడా కొంత అంటుకుంటుంది, కానీ మెరిసే పొడి వేరుగా తెలుస్తుంది.

గూడెం_పంపుమేస్త్రి

వాషర్ దొరకడం మంచి పని అయింది.

మెరిసే పొడి గురించి. ఫిల్టర్ పంపుకి ముందుంటుంది కదా, పంపు అరుగుదల అక్కడికెలా వస్తుందని కొందరికి అనుమానం. పంపు, ఇంజెక్టర్లు వాడని డీజిల్ రిటర్న్ పైపులో ట్యాంకుకి తిరిగి వెళ్తుంది, అక్కణ్నుంచి మళ్లీ ఫిల్టర్‌కి వస్తుంది. కాబట్టి పంపు అరిగితే ఆ పొడి ఫిల్టర్లో దొరుకుతుంది. తెల్ల కాగితం మీద రుద్ది చూడండి. వేలికి వెండి రంగు అంటేంత ఉంటే పంపు దింపాల్సిందే. అక్కడక్కడా రెండు మూడు మెరుపులైతే ట్యాంకు కడిగించి, కొత్త ఫిల్టర్ వేసి, కొంతకాలం తిరిగాక అది కూడా కోసి చూడాలి. రెండో ఫిల్టర్ శుభ్రంగా ఉంటే పంపు బతికే ఉంది.

ట్యాంకు కిందికి దింపించండి, బండి మీద ఉండగా కడిగితే మూలల్లో మడ్డి పోదు. నీళ్లు, సబ్బు వాడకుండా డీజిల్‌తోనే కడగాలి. జల్లెడ తీసి విడిగా. అతుకు దగ్గర మళ్లీ వెల్డింగ్ పెట్టనివ్వకండి. ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది, దానికి నిప్పు తగిలితే పేలుతుంది. లోపల తుప్పు పొరలుగా రాలుతుంటే కడగడం దండగ, వేరే ట్యాంకు చూసుకోండి. పీకేసిన నీళ్ల సెన్సర్ వైరు కలిపించండి. కొత్త ఫిల్టర్‌లో డబ్బాతో డీజిల్ పోసి బిగించే అలవాటు కొందరికి ఉంది. మధ్య రంధ్రంలో పోసిన డీజిల్ వడకట్టకుండానే పంపులోకి వెళ్తుంది. ఖాళీగానే బిగించి చేతి పంపుతో నింపండి.

ఇవన్నీ అయ్యాక ఇంజెక్టర్ల లీక్-ఆఫ్ (అవి వాడకుండా వెనక్కి వదిలే డీజిల్) చూడాలి. నాలుగింటి రిటర్న్ గొట్టాలూ తీసి నాలుగు ఒకే సైజు సీసాల్లో పెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో కాసేపు తిప్పితే ఏది ఎక్కువ వదులుతోందో సీసాలే చెబుతాయి. పనిలో పనిగా ఇంజిన్ ఆయిల్ గేజీ తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తుంటే ఆలస్యం చేయకండి.

కాకినాడ_ప్రయోగశాల

ట్యాంకు నుంచి తీసిన మడ్డి కాలవలో పోయకండి, చెరువు దగ్గర అసలే వద్దు. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇవ్వండి. కడిగేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి.

అంబాజీపేట_కాయలు

ట్యాంకు లోపల ఫోన్ లైటు వేసి చూస్తే పై భాగమంతా పొరలే. పాలకొల్లులో మంచి స్థితిలో ఉన్న ట్యాంకు దొరికింది, అదే వేయించాను. మెరుపు కాగితం మీద రుద్దితే వేలికి అంటలేదు. గేజీ మామూలుగానే ఉంది, డీజిల్ వాసన లేదు. లీక్-ఆఫ్ చూశాం. మూడు సీసాలు దాదాపు సమానం, మూడో సిలిండర్ సీసా మాత్రం మిగతావాటికి రెట్టింపు దాకా నిండింది. మెకానిక్ మళ్లీ నాలుగూ మార్చేద్దాం అంటున్నాడు.

రావులపాలెం_కిరాయి

ఒకటి మారిస్తే మిగతావాటితో పొసగదు అంటారు. నాలుగూ మార్చేస్తే మనశ్శాంతి.

గూడెం_పంపుమేస్త్రి

మూడు సమానంగా ఉన్నప్పుడు వాటిని పారేయడం ఎందుకు? నాలుగూ విప్పి డీజిల్ ల్యాబ్‌కి పంపండి, బెంచి మీద ఒక్కోదాన్నీ పరీక్షిస్తారు. పోయినదాన్నే బాగు చేయించండి లేదా మార్చండి. చాలా కామన్ రైల్ ఇంజెక్టర్ల మీద అక్షరాలు, అంకెలతో ఒక కోడ్ ఉంటుంది. కొత్తది వేసినప్పుడు ఆ కోడ్‌ని స్కానర్‌తో ఈసీఎమ్‌లో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఎక్కించాలి. మీరు చెప్పిన పొసగకపోవడం చాలాసార్లు ఆ పని చేయకపోవడం వల్లే వస్తుంది. విప్పేటప్పుడు ఏ సిలిండర్‌ది ఏదో గుర్తు పెట్టించండి, మళ్లీ అక్కడికే రావాలి. కింద రాగి వాషర్లు కొత్తవి.

అంబాజీపేట_కాయలు

సోమవారం తీసుకెళ్తున్నాను. ఇంజెక్టర్ల మీద కోడ్‌లు ఫోటో తీసి పెట్టుకున్నా, సిలిండర్ నంబర్లు కూడా రాశాను.

గూడెం_పంపుమేస్త్రి

బెంచి రిపోర్టు కాగితం అడిగి తీసుకోండి. మార్చిన పాత ఇంజెక్టర్ కూడా మీ చేతికి ఇవ్వమనండి.